సమాధి రాళ్ళు పరిచిన వాకిలి

కొత్త దీవికి వచ్చి వారమైంది. మా తమ్ముడు బిలిమోన్ ఇంటి ముందు వంగి, తెల్లటి పగడపు గులకరాళ్ళు చేత్తో పరుస్తున్నాడు. నేను పొయ్యి దగ్గర కూచుని సీమపనస కాలుస్తున్నాను. నడుం పనిచేయడం లేదు. సొంత దీవి వదలడం, మళ్ళీ చేరడం, మళ్ళీ వదలడం. ఒక జన్మకి ఎన్నిసార్లు మూట కట్టమంటారు?

మా రొంగెలాప్ దీవి మీద, పరీక్షకని పేల్చిన అణుబాంబు బూడిద పడితే ఓడెక్కించి తీసుకుపోయారు. మూడేళ్ళకి శుభ్రమైందని తిరిగి దింపారు. పేల్చినవాళ్ళే చెప్పారు, మేం నమ్మాం. ఆ తర్వాత మా కడుపున పుట్టిన కొందరు పిల్లలకి ఎముకలే లేవు. ఒక పూట ఊపిరి తీసుకుని పోయేవాళ్ళు. ఇదీ వాళ్ళ శుభ్రం. చివరికి మేమే ఓడ పిలిపించుకుని వచ్చేశాం.

"ఈ రాళ్ళెక్కడివిరా? ఇక్కడంతా నల్లబండేగా."

"తెచ్చాను."

"దుప్పట్లు తెమ్మంటే రాళ్ళు తెచ్చావా, మహానుభావా?"

వాడు నవ్వలేదు. "పిల్లల సమాధుల మీదివక్కా."

పాతిపెట్టిన ఆరో రోజు అయినవాళ్ళమంతా తెల్లరాళ్ళు తెచ్చి సమాధి మీద పరుస్తాం. దాంతో పోయినవాళ్ళు కుదుటపడతారు. పరిచిన రాయిని ఎవరూ ఎత్తరు. వీడు ఎత్తాడు. వాడి బిడ్డా అక్కడే ఉంది మరి.

నాకు ఒళ్ళు మండింది. లోపల నా మనవరాలు ఎమీనా నిండు నెలలతో పడుకుని ఉంది. తొలి కాన్పు.

"విషం పట్టిన రాళ్ళురా. దాని బిడ్డ సంగతేంటి? ఎత్తెయ్."

"రేపు ఎత్తుతాలే. అలిసిపోయాను."

పొద్దు వాలింది. అందరూ పాటలు నేర్చుకోవడానికి చర్చికి పోయారు. గాలి ఆగింది. ఎక్కణ్ణించో పచ్చిపాల వాసన... పుల్లగా. తర్వాత రాళ్ళ మీద ఏదో ఈడ్చుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ.

"కుక్కేమో," అన్నాను గొంతు తగ్గించి.

"ఈ దీవిలో కుక్కల్లేవు. ఓడలోనూ రాలేదక్కా."

లాంతరు ఎత్తాను. రాళ్ళు సన్నగా పాయలు తీసి ఉన్నాయి. అడుగుల జాడ లేదు. పాయలన్నీ మా గుమ్మం వైపే. గుమ్మం దగ్గర రాళ్ళు తడిగా...

"చేతుల్లేవుగా," అన్నాడు బిలిమోన్. వాడి గొంతులో భయం లేదు. "అందుకే ఇంత మెల్లగా వస్తున్నారు."

"నోర్మూసుకుని బుట్ట తే."

"మళ్ళీ వదిలేసి రమ్మంటావా?"

"బతకాల్సినదాని కోసంరా. బతికి ఏడుస్తున్నాం కదా మనం, అదన్నా చక్కగా బతకనీ."

ఇద్దరం మోకాళ్ళ మీద కూచుని రాళ్ళన్నీ ఏరాం. తడిరాళ్ళు వెచ్చగా ఉన్నాయి. వాడు పడవలో తీసుకుపోయి లోతులో పోసి వచ్చాడు. ఖాళీ బుట్ట నా ముందు పడేసి, మొహం తిప్పుకుని కూచున్నాడు. వాకిలి నల్లగా, బోసిగా ఉంది. చప్పుడు లేదు. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు చాప తెర వెనక ఎమీనా మాట వినిపించింది. ఎవరికో నచ్చచెబుతున్నట్టు, మెల్లగా...

"కాస్త జరుగు, నాన్నా. పాపం, చాలా దూరం నుంచి వచ్చింది. ఇద్దరికీ చోటుంది."

తెర తీశాను. రెండు చేతులూ కడుపు మీద వేసుకుని గాఢంగా నిద్రపోతోంది.