ఐదోది కనపడతలేదు

“పొల్లను రేపు వనపర్తికి పంపుతున్న. రజిత వచ్చి తోల్కపోతది. ఇగ నన్నేం అడగొద్దు!”

మనుమరాలి బట్టలు సంచిలో కుక్కుతూ కిష్టమ్మ అన్న ఆ మాటకు కోడలు సుహాసిని చేతిలోని చెంబు జారిపడింది. వర్షకు నిండా ఆరేళ్ళు లేవు! ఆ పిల్ల మేనత్త రజిత ఇంట్లో పెరగాలట, కన్నతల్లి ఇక్కడ పత్తి చేను చూసుకుంటూ ఉండాలట... చేసిన నేరమేమిటి? నెల కిందట చేనులో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతానేమోనన్న బుగులుతో పిల్లను గట్టు మీదే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. పొద్దుగూకే దాకా వర్ష ఒక్కతే ఏడుస్తూ నిలబడింది. గాలి సోకిందని ఊరంతా అన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, లారీ మీద తిరిగే భర్త తిరుపతి ఫోన్‌లో “అమ్మ చెప్పినట్టు విను” అని పెట్టేశాడు. అందరికీ నోళ్ళే గాని, ఒక్కరికీ చెవుల్లేవు!

అప్పటి నుంచి నడుంనొప్పి మందులకని చెప్పి ఆమె ప్రతి మంగళవారం గద్వాల దవాఖానకు వెళ్తోంది. అక్కడి కౌన్సెలింగ్ మేడం ఒక్కతే ఆమె చెప్పిందంతా విన్నది. “బుగులు వస్తది, పోతది సుహాసినీ. దాన్ని చూసి ఉరకకు. ఊపిరి మెల్లగ విడువు. కంటికి కనపడేవి ఐదు చెప్పు, చేతికి తగిలేవి నాలుగు చెప్పు” అంది. సుహాసినికి నవ్వొచ్చింది. ఇంత బాధకు చిన్నపిల్లల లెక్కలా? అయినా గిన్నెలు తోముతూ, నీళ్ళు పడుతూ రోజూ సాధన చేసింది. ఇంట్లో తెలిస్తే పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు. చుట్టూ మనుషులుండి కూడా అంత ఒంటరితనం పగవాళ్ళకైనా వద్దు!

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు చేనులోకి దిగారు. ఇంట్లో ఏం జరిగినా విత్తనపత్తి పని ఆగదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ పూటే గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కేసరాలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తప్పిపోయిన మొగ్గ తెల్లారి తన పుప్పొడే తనకు సోకి విత్తనానికి పనికిరాదు. గట్టు మీద వర్ష ఆడుకుంటోంది. రేపటి నుంచి ఆ గట్టు ఖాళీ... అనుకోగానే సుహాసినికి దడ మొదలైంది! చేతులు చల్లబడ్డాయి. కాళ్ళు ఉరకమన్నాయి. ఉరికితే ఇక బిడ్డ తనకు దక్కదు!

ఆమె కదలలేదు.

“ఒకటి... మొగ్గ. రెండు... ఎర్ర కాగితం. మూడు... నా పొల్ల గౌను. నాలుగు... అత్తమ్మ కొంగు. ఐదు... గట్టు.” మెల్లగా ఊపిరి వదిలింది. ఆకును, మట్టిని, మొగ్గను, కాగితాన్ని తాకింది. మళ్ళీ మొదటి నుంచి... కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. సాలు చివరికొచ్చేసరికి దడ తగ్గింది. ఒక్క మొగ్గ తప్పలేదు!

“ఎవరితోని మాట్లాడుతున్నవే?” వెనక కిష్టమ్మ!

సుహాసిని అక్కడే కూలబడి అంతా చెప్పేసింది, నడుంనొప్పి అబద్ధంతో సహా. “నాకు గాలి సోకలే అత్తమ్మా... బుగులు! ఇప్పుడు గూడ వచ్చింది. నేను ఉరకలే... నా బిడ్డను ఇడిశిపెట్టలే!”

కిష్టమ్మ గట్టు మీద కూర్చుంది.

“మీ మామ పోయినంక నాకు గూడ గిట్లనే అయ్యేది. దయ్యం పట్టిందని తిరుపతిని రెండేండ్లు మా అన్న ఇంట్ల పెట్టిండ్రు. మల్ల వచ్చినప్పుడు వాడు నన్ను అమ్మా అనలే... మా వదినెను అమ్మా అన్నడు. ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పుకోలే.”

“గంత తెలిసి నా బిడ్డను ఎట్ల పంపుతనంటివి అత్తమ్మా?”

“పొల్లకు ఏమన్న అయితదేమోనని... నా బుగులు నాది!” కిష్టమ్మ వర్షను దగ్గరికి లాక్కుంది. “రజితకు రావొద్దని చెప్త. ఆ లెక్క ఏందో నాకు గూడ చెప్పు.”

“కనపడేవి చెప్పు అత్తమ్మా.”

“ఎర్ర కాగితం... మొగ్గ... పొల్ల... గట్టు...” కిష్టమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఐదోది కనపడతలేదే! కండ్లు మసకైనయ్...”

సుహాసిని లేచి వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుంది.

“ఇప్పుడు?”

“ఐదు” అంది కిష్టమ్మ.