మైపాడు రోడ్డు నర్సరీలు

పొద్దున్నే నర్సరీలోకి వచ్చిన జయశీల కొయ్యబారిపోయింది. రోడ్డుకు అవతలి నర్సరీ సంజీవరావు నిచ్చెనెక్కి, ఆమె కట్టించిన తాటాకు పందిరి తాళ్ళు కొడవలితో కోసేస్తున్నాడు!

"ఏందిది? పిచ్చి పట్టిందా నీకు? దిగు!"

"తుఫాను ఈపక్కకే వస్తుండాదని రేడియోలో చెప్పినారు. వినలేదా?"

"వినే గదా నిన్నంతా పందిరి బిగించింది!"

"అది విరిగి కుండీల మీద పడితే? పోయిన తుఫానుకు మాకట్టే అయింది. ఒక్క అంటుమొక్క మిగల్లేదు."

"మా బేరాలు లాక్కున్నది చాలక, పందిరి కూడానా?"

"ఆ కోపం రేపు పడుదువు. ఇప్పుడు నిచ్చెన పట్టుకో."

పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియలేదు.

జయశీల తండ్రి, పెద్దాయన సమాధానం, కాలు విరిగి మంచంలో ఉన్నాడు. కూలీలు మబ్బు చూసి ఇళ్ళకు పోయారు. ఇద్దరే పందిరి తాటాకు దించి, నిమ్మంట్లు, మామిడంట్లు ఇంట్లోకి మోశారు. వసారా నిండింది, వంటిల్లు నిండింది, మంచం కింద కూడా నిండింది.

"నన్ను గూడా కుండీలో పెట్టేస్తారా ఏందమ్మా?" అన్నాడు సమాధానం.

వాన మొదలైంది. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని చూస్తే, సంజీవరావు ఆమెనే చూస్తున్నాడు.

"ఏంది చూపు?"

"నిచ్చెన సరిగ్గా పట్టుకున్నావా అని..."

నిచ్చెన ఎప్పుడో దించేశారు!

తుఫాను వచ్చి పోయింది. జయశీల అంట్లకు ఆకు కూడా రాలలేదు. ఆ మాట చెబుదామని పరుగున రోడ్డు దాటి, అక్కడే నిలబడిపోయింది.

అతని పందిరి కుండీల మీద కూలి ఉంది. ఒక్క మొక్క బతకలేదు. సంజీవరావు పగిలిన కుండీల పెంకులు ఏరుతున్నాడు.

"నీవి సర్దుకోలేదా?" అంది జయశీల.

"మీవి అయినాక చూద్దామనుకున్నా. గాలి ముందే వచ్చేసింది."

"మావెందుకు ముందు?"

అతను తలెత్తలేదు. "నువ్వొక్కదానివే ఉంటివి గదా."

జయశీల గిరుక్కున తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి అతని గేటు ముందు ఎద్దుల బండి ఆగింది. బండి నిండా అంట్లు. వాటి మధ్య కాలు చాపుకుని సమాధానం.

"నాకు దానమొద్దు," అన్నాడు సంజీవరావు.

"దానమని ఎవరన్నారు? రెండు నర్సరీలూ ఒకటి చేద్దాం."

"అంటే... పార్ట్‌నర్‌షిప్పా?"

"ఊఁ. చర్చిలో, పాస్టరుగారి ముందర చేసుకునేది."

సంజీవరావు చేతిలోని కుండీ జారి భళ్ళున పగిలింది.

"అమ్మే! నన్నొక మాటన్నా అడగవా?" బండిలో అదిరిపడ్డాడు సమాధానం.

"నీకిష్టం లేదా నాయనా?"

ముసలాయన సంజీవరావును ఎగాదిగా చూశాడు.

"నాకిష్టమే. ముందు ఆ పిల్లోణ్ణి నోరు మూసుకోమను. ఈగలు దూరతాయి."