అయిదో మేక

చీకటి పడ్డాక నేను పరుల గడప తొక్కను. నాలో ఉన్న సుగుణం ఇదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా సరస్సు ఒడ్డున జనవరిలో మధ్యాహ్నం మూడున్నరకే దీపం పెట్టాలి. అంచేత చలికాలమంతా నా అంత మర్యాదస్తుడు ఈ చుట్టుపట్ల దొరకడు.

కానీ అవతలి ఒడ్డున రౌతలా వాళ్ళ సౌనా ఉంది చూశారూ... దాని దగ్గరికి పట్టపగలైనా ఒంటరిగా ఎవరూ వెళ్ళరు.

ఆవిరి స్నానానికి కట్టిన చిన్న దుంగల గది. పొగగొట్టం లేదు. రాళ్ళు పేర్చిన పొయ్యి, మసిబారిన గోడలు. సౌనా అంటే మాకు చర్చి తరవాత చర్చి. తల్లులు పురుడు పోసుకునేది అక్కడే, చచ్చినవాళ్ళని కడిగేదీ అక్కడే. లోపల గొంతు పెంచకూడదు. బూతు మాట్లాడకూడదు. ఇనుము గడప దాటించకూడదు. మర్యాద తప్పినవాడి తోలు ఒలిచి గోడకి ఆరేస్తారు — ఎవరు అని మాత్రం అడగకూడదు.

మిగతా ఊళ్ళలో ఇది పిల్లల్ని బెదిరించే మాట. రౌతలా వాళ్ళ సౌనాలో నిజంగా జరిగింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఇంటి యజమాని తాగి, బూతులు పాడుకుంటూ చీకట్లో లోపలికి వెళ్ళాడట. తెల్లారి చూస్తే పొయ్యి మీద వెల్లకిలా పడున్నాడు. ఎత్తితే మనిషి వచ్చాడు... వీపు తోలు రాళ్ళకే ఉండిపోయింది. ఆయన పెళ్ళాం లోవీసా స్వయంగా చూసింది. ఊరంతటికీ చెప్పిందీ ఆవిడే.

ఇక ఇది నెస్తోరి చెప్పగా విన్నది.

నెస్తోరి గరిటెలు చెక్కుతాడు, బర్చ్ చెట్టు బెరడుతో బుట్టలల్లుతాడు. ఎడం కాలు కుంటి. గొడవ జరిగే చోట ఆ కుంటికాలే అందరికంటే ముందు బయటపడుతుందని వాడే చెప్పుకుంటాడు. వాడి చెల్లెలు హిల్పాని ఆ లోవీసా కొడుకు తహ్వోకి ఇచ్చారు. తహ్వో కొట్టేవాడు. మొదట్లో చేత్తో, తరవాత జీను పట్టీతో. ఆ శరదృతువులో పొయ్యి కదిపే ఇనపకడ్డీ దాకా వచ్చాడు. ఈసారి చంపేస్తాడని అందరికీ తెలుసు. కానీ ఇంకొకడి ఇంట్లోకి పిలవకుండా వెళ్ళేవాడు మా ఊళ్ళో లేడు.

ఏడాదిలో ఒక్కరోజు తప్ప.

జనవరి పదమూడు, నూట్టి రోజు. క్రిస్మస్ ముగిసినట్టే. ఆ సాయంత్రం మగవాళ్ళు గొర్రెతోలు కోట్లు తిరగేసి తొడుక్కుని, కొమ్ములు పెట్టి, బెరడు ముఖాలు కట్టుకుని మేకలై ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్ళు మిగిలిన పండగ బీరు వాళ్ళకి పొయ్యాలి. మేక ఏ తలుపైనా తోసుకుని రావచ్చు. మేకని పేరు పెట్టి పిలవకూడదు. మేక మీద చెయ్యి ఎత్తకూడదు.

నెస్తోరి ఆ ఏడు నాలుగు ముఖాలు చేశాడు. కమ్మరి అన్నదమ్ములకి రెండు, చర్చి గంటలు కొట్టే ఈసాక్కికి ఒకటి, తనకొకటి.

"తహ్వోని కాళ్ళ మీద కొట్టండి. తల జోలికి పోవద్దు," అన్నాడు గొంతు తగ్గించి, చెట్ల చాటున.

"నువ్వెక్కడ కొడతావు?" అన్నాడు పెద్ద కమ్మరి.

"నేను... వాకిట్లో నిలబడతా. ఎవరూ రాకుండా."

"అంటే మంచుకి కాపలా కాస్తావన్నమాట."

నలుగురూ రౌతలా వాకిట్లోకి వచ్చేసరికి సాయంత్రం అయిదు. తలుపు బార్లా తెరిచి ఉంది. దీపం వెలుగుతోంది... మనిషి అలికిడి లేదు.

బీరు పీపా పక్కకి దొర్లి ఉంది. చుక్క లేదు. మేకలకి ఉంచాల్సింది కూడా తాగేశాడు. మగ్గం మీద హిల్పా సగం నేసిన గుడ్డ రెండు ముక్కలై వేలాడుతోంది. మగ్గం కట్టెలో గొడ్డలి దిగిన గాటు... కొత్తది. పొయ్యి పక్క బల్ల మీద ముసలి లోవీసా దుప్పటి ముడుచుకుని ఉంది. రెండేళ్ళుగా ఆవిడ ఆ బల్ల దిగడం ఎవరూ చూడలేదు.

"ముసల్ది నిద్రపోతోంది. లేపకు," అన్నాడు ఈసాక్కి.

మంచులో చుక్కలు కనిపించాయి. దీపం దించి చూస్తే ఎర్రగా ఉన్నాయి. వాటి పక్కన ఒక చేతి తొడుగు — తెల్ల ఉన్ని, మణికట్టు చుట్టూ నల్ల నక్షత్రాలు. అమ్మ నేర్పిన అల్లిక. ఒక నక్షత్రం ఎప్పుడూ వంకరగా వస్తుంది హిల్పాకి. ఆ వంకర నక్షత్రం తడిసి ఉంది.

చుక్కలు సరస్సు వైపు వెళ్ళాయి. సౌనా వైపు.

అప్పుడు వినిపించింది... ధన్. మళ్ళీ ధన్. చెక్క చీలుతున్న చప్పుడు.

తహ్వో ఒంటి చొక్కాతో నిలబడి సౌనా తలుపు నరుకుతున్నాడు. ఒళ్ళంతా పొగలు కక్కుతోంది.

"గడియ తియ్యవే," అంటున్నాడు తాపీగా, బర్రెని అదిలించినట్టు. "తీస్తే ఒక్క దెబ్బ. తియ్యకపోతే ఎన్నో నాకే తెలీదు."

మళ్ళీ గొడ్డలి ఎత్తాడు.

నెస్తోరి కాళ్ళు మంచులో పాతుకుపోయాయి. కుంటిది, మంచిది, రెండూ. ముఖం పక్కకి జారి ఒక కన్ను మూసుకుపోయింది. సరిచేసుకుందామంటే చేతులు లేవవు. మిగతా మేకలూ అంతే. దెబ్బలాటకి వచ్చారు గానీ గొడ్డలి ఉంటుందనుకోలేదు.

తహ్వో తిరిగి చూశాడు. నవ్వాడు.

"మేకలొచ్చాయా? బీరు అయిపోయింది. ఆ కుంటి మేక మా బావ నెస్తోరే కదూ? ఏం బావా... గరిటె తెచ్చావా, నీ చెల్లెల్ని ఎత్తుకుపోవడానికి?"

మేకని పేరు పెట్టి పిలిచాడు.

తలుపు కూలింది. తహ్వో ఒక బూతు కూసి, గొడ్డలి ముందు పెట్టి, గడప దాటాడు.

చీకట్లో ఒక్క క్షణం ఏమీ లేదు.

తరవాత... స్‌స్‌స్...

కాలిన రాళ్ళ మీద నీళ్ళు పడితే వచ్చే చప్పుడు. మా పిల్లలు కూడా నిద్రలో పోల్చుకుంటారు. కానీ ఆ పొయ్యి శనివారం తరవాత వెలిగించలేదు. అది బుధవారం. బయట చెట్లు చలికి పగులుతున్నాయి.

తలుపులోంచి తెల్లటి ఆవిరి బుస్సున వచ్చింది. నెస్తోరి ముఖానికున్న బెరడు మెత్తబడింది.

తహ్వో అరిచాడు. అలాంటి అరుపు నెస్తోరి పందుల దగ్గర తప్ప వినలేదు. వెంటనే ఎండుకొమ్మ విరిగినట్టు ఫట్ మంది. గొడ్డలి ఎగిరొచ్చి మంచులో పడింది. దాని వెనకాలే తహ్వో మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వెనక్కి తిరిగి ఉంది. ఎడమ చెంప తోలు బెరడులా లేచి చెవి కింద వేలాడుతోంది.

నెస్తోరి లెక్కపెట్టాడు. పెద్ద కమ్మరి, చిన్న కమ్మరి, ఈసాక్కి... తను. నాలుగు.

గడప మీద అయిదో మేక నిలబడి ఉంది.

వంకర కొమ్ములు. నల్లబడ్డ పాత బెరడు ముఖం, అంచులు చెట్టు వేళ్ళ నారతో కుట్టినవి. నెస్తోరి చేతి కుట్టు కాదది. రెండు చేతులా ఏదో పట్టుకుంది. ఎత్తింది. దించింది.

తహ్వో మోకాలు పగిలింది.

మళ్ళీ ఎత్తింది. రెండో మోకాలు. తొందర లేదు. ఎత్తడం, ఊపిరి తీసుకోవడం, దించడం... మంచు రక్తమై, రక్తం గడ్డకట్టి, దాని మీద మళ్ళీ రక్తం. ఆ వరస ఎక్కడో విన్నదే అనిపించింది నెస్తోరికి. సరస్సు గట్టున ఆడవాళ్ళు దుప్పట్లు బాదే వరస.

అయిదోసారి కర్ర తహ్వో తల మీదికి లేచింది.

"చాలు," అంది లోపల్నించి హిల్పా గొంతు. "చాలు, అత్తయ్యా."

కర్ర గాల్లోనే ఆగింది.

అయిదో మేక ముఖం తీసింది. కింద తెల్లజుట్టు. లోవీసా. ఆ దుప్పటి కింద ఉన్నది గడ్డి.

"మేకని కొట్టకూడదు కదా," అంది ఆయాసపడుతూ. "అందుకని పొద్దుట్నించీ ఈ కోటు వేసుకునే పడుకున్నా. మీ మామ కోటు. వాడు పీపా ఖాళీ చేస్తుంటే ముందే వచ్చి ఇక్కడ దాక్కున్నా."

కాళ్ళ దగ్గర మూలుగుతున్న కొడుకుని చూసింది.

"వీళ్ళ నాన్నప్పుడు, చాలు అనడానికి ఎవరూ లేకపోయారు."

నెస్తోరి కుంటుకుంటూ వెళ్ళి గొడ్డలి తీసుకుని నీళ్ళు తోడుకోడానికి సరస్సు మంచులో తవ్విన గుంటలో పడేశాడు. ఆ రాత్రి తన పరాక్రమం అంతేనని వాడే చెబుతాడు.

"ఆవిరి మాత్రం భలే కొట్టావు పెద్దమ్మా," అన్నాడు ఈసాక్కి.

లోవీసా వాడి వైపు వింతగా చూసింది. "నేనా? రెండు చేతులా కర్ర పట్టుకుంటే ముంతెడు నీళ్ళు ఎలా పోస్తానురా?"

హిల్పా పగిలిన పెదవి తుడుచుకుంది. "నువ్వే అనుకున్నాను అత్తయ్యా. నేను సౌనాలో కూర్చునే బల్ల కింద ఉన్నా."

నెస్తోరి లోపలికి వంగి పొయ్యి రాళ్ళ మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళు అంటుకుపోయాయి. వేడికి కాదు... రాళ్ళ మీద పొడిమంచు పేరుకుని ఉంది.

తహ్వో బతికాడు. ఆ చెయ్యి మళ్ళీ గొడ్డలి పట్టలేదు, ఆ కాళ్ళు మళ్ళీ వంగలేదు. ముఖం సగం పసిపిల్ల ఒళ్ళులా ఎర్రగా ఉంటుంది. హిల్పా, లోవీసా నెస్తోరి ఇంట్లోనే ఉంటున్నారు. నక్షత్రం ఇప్పటికీ వంకరగానే వస్తుంది.

ఆ సౌనాకీ మా ఇంటికీ మధ్య గడ్డకట్టిన సరస్సు తప్ప ఏమీ లేదు. చలి రాత్రుల్లో మంచు మీద చప్పుడు చాలా దూరం వస్తుంది. ఆ సాయంత్రం తలుపు మీద పడిన దెబ్బలు మా ఇంట్లో కూర్చుని నేను విన్నాను. పదకొండు. అంతకుముందు ఎనిమిదేళ్ళు హిల్పా కేకలూ విన్నాను.

ఆ రాళ్ళ మీద నీళ్ళు పోసిందెవరో నాకు తెలియదు. చీకట్లో గడప దాటడం నేనింకా నేర్చుకోలేదు.