పూజలో పెట్టిన ఫోన్లు

ఆయుధ పూజ రోజున ఆటోనగర్‌లో పానాలకు కూడా సెలవే. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టరు. హనుమయ్య ఇంట్లో ఆ నియమం మరీ గట్టిది. మెకానిక్‌గా మొదలై లారీ స్పేర్‌పార్ట్స్ షాపు పెట్టిన మనిషాయన. ఇప్పుడు కొడుకు లక్ష్మీకాంత్ చేతిలో రెండు షాపులున్నాయి. రేపు విజయదశమికి ఉయ్యూరులో మూడోది తెరుస్తున్నామని ఊరంతా టముకు వేశాడు పెద్దాయన. కొడుకుని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

ఆ ఉదయం స్నానం చేసి వచ్చిన లక్ష్మీకాంత్ ఫోన్ల కోసం ఇల్లంతా వెతికాడు. తండ్రి పాత పానాల పక్కన, కుంకుమ బొట్లతో, రెండు ఫోన్లూ పూజలో కనిపించాయి.

"సింధూరీ, ఏంటిది?"

"మీ పనిముట్లు అవేగా. హారతి కూడా ఇచ్చేశాను," అంది భార్య.

ఒక ఫోను మోగింది. అతని చెయ్యి ముందుకెళ్లి ఆగింది. తీస్తే అపచారం, తియ్యకపోతే గుండె దడ.

"తీసుకోరా, పర్లేదు. వ్యాపారం ఆగుతుందా?" అన్నాడు హనుమయ్య.

"మామయ్యగారూ, ఈ రోజున మీరెప్పుడైనా పానా పట్టారా?" అంది సింధూరి.

"చచ్చినా పట్టేవాణ్ణి కాదమ్మా. పప్పన్నం తిని పొద్దుగూకేదాకా పడుకునేవాణ్ణి. ఏడాదికి అదే నా నిద్ర."

"మీ అబ్బాయికి అదీ లేదండీ. మొన్న ఛాతీ పట్టేసిందని డాక్టరు దగ్గరికెళ్లొచ్చాం. మీకు చెప్పొద్దని ఈయనే అన్నారు."

హనుమయ్య కొడుకు వంక తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే నాన్నా. ఇప్పటికి ఏం కాలేదు, ఇలాగే పరిగెడితే అవుతుందన్నారు. ఈ రెండు షాపులకే నాకు ఊపిరాడ్డం లేదు. మూడోది నా వల్ల కాదు. నీ పరువు పోతుందని నోరు మెదపలేదు."

హనుమయ్య పూజ ముందు కూర్చున్నాడు.

"షాపు మీద షాపు పెడుతుంటే నువ్వు బాగున్నావనే అనుకున్నాన్రా," అన్నాడు హనుమయ్య. "నిన్ను చూడనే లేదు."

ఫోను మళ్లీ మోగింది. ఈసారి పెద్దాయన లేచాడు. తీసి ఇచ్చేస్తాడేమోనని సింధూరి బిగుసుకుపోయింది. ఆయన జేబులోంచి, అద్దెకు తీసుకున్న ఉయ్యూరు షాపు తాళంచెవి తీసి, ఫోన్ల పక్కన పెట్టి, దానికీ బొట్టు పెట్టాడు.

"రేపు ఉద్వాసన కాగానే ఇది ఓనరుకిచ్చేస్తాను. అడిగినవాళ్లకి నేనే చెప్పుకుంటా. అమ్మాయ్, వాడికి పప్పన్నం వండు."

మధ్యాహ్నం అన్నం తిని చాప మీద వాలిన లక్ష్మీకాంత్‌కి ఇట్టే నిద్ర పట్టింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పూజగది తలుపు దగ్గరికి వేసి, దాని ముందు కుర్చీ వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ కొడుకు నిద్రకు కాపలా కూర్చున్నాడు హనుమయ్య.