ఒరిపిడి లేని గీత

ఆ రోజుల్లో కారు కొనాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. భార్యాభర్తలిద్దరి మనసూ తూగాలి.

2076లో విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద ఏ షోరూముకి వెళ్లినా, కార్ల వరుస పక్కన ఒక అద్దాల గది కనిపించేది. అందులో ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యన బల్ల మీద టిఫిన్ క్యారియర్ అంత యంత్రం. దాని అసలు పేరు సమ్మతి తుల. ఇంజనీర్లు కన్సెంట్ బ్యాలెన్స్ అనేవారు. జనం మాత్రం తక్కెడ అనేవారు. ఇల్లూ, కారూ ఇద్దరి పేరునా ఉండి తీరాలని చట్టం వచ్చాక, కొనేముందు ఇద్దరూ ఆ కుర్చీల్లో కూర్చుని, చెవి వెనక స్పర్శబిళ్ల అంటించుకుని, “ఇది నాకు ఇష్టమే” అని పైకి చెప్పాలి. యంత్రం ఇద్దరి సమ్మతినీ నూటికి ఇంతని చూపిస్తుంది. ఇద్దరిదీ అరవై దాటితే కారు ఇంటికొస్తుంది. ఎవరిది తగ్గినా ఏడు రోజులాగి మళ్లీ రావాలి.

ఆ యంత్రాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ అన్వేష్. తొమ్మిదేళ్లుగా అది దేశమంతటా నడుస్తున్నా, అతను స్వయంగా ఆ కుర్చీలో కూర్చునే అవసరం ఎప్పుడూ రాలేదు. పాత కారు మూలపడటంతో ఆ ఆదివారం ఉదయం భార్య హన్వికతో కలిసి షోరూముకి వచ్చాడు.

సేల్స్ మేనేజర్ ఢిల్లేష్ అతన్ని చూడగానే పోల్చుకున్నాడు.

“మీరా సార్! తక్కెడ సార్! రండి, మేడమ్ గారూ, ఇటు కూకోండి. టీ తెప్పిస్తాను.”

అన్వేష్ అప్పటికే ఒక కారు మనసులో పెట్టుకుని వచ్చాడు. ఎనిమిదడుగుల వెడల్పు, లోపల ఎదురుబొదురు సోఫాలు, దానంతటదే నడిచే కారు. హన్విక మాత్రం మూలనున్న చిన్న ఆకుపచ్చ కారు దగ్గర ఆగింది. ఇంకా స్టీరింగ్ ఉన్న అతి కొద్ది మోడళ్లలో అదొకటి. ఆమె తలుపు తీసి, కూర్చోకుండానే లోపలికి వంగి స్టీరింగ్ మీద చెయ్యి వేసింది.

“ఏదైనా నచ్చిందా?” అన్నాడు అన్వేష్ వెనకనుంచి.

ఆమె చెయ్యి తీసేసింది. “ఊరికే చూస్తున్నా.”

“నీకు కావాలంటే చెప్పు. మొహమాటం ఎందుకు? ఎలాగూ తక్కెడ పట్టేస్తుంది” అని నవ్వాడు. “నాకైతే ఆ పెద్దదే బాగుందనిపిస్తోంది. ఈ వయసులో స్టీరింగ్ పట్టుకుని తంటాలు పడటం దేనికి చెప్పు?”

“పెద్దదే తీసుకుందాం” అంది హన్విక.

వాళ్లది కాదూ కూడదనే మాట వినపడని కాపురం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఒకరి మీద ఒకరు గొంతు పెంచింది లేదు. ఆ మాట అన్వేష్ ఉపన్యాసాల్లో కూడా చెప్పుకునేవాడు.

ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని తమ మాట చెప్పారు. అన్వేష్‌కి డెబ్బై నాలుగు వచ్చింది. హన్విక వైపు అంకె ఒక్క క్షణం కూడా తడబడకుండా పైకి వెళ్లి నిలిచింది. వంద.

“వందకి వంద!” అన్నాడు ఢిల్లేష్. “ఏడేళ్ల సర్వీసులో నేనైతే ఇంతవరకూ సూళ్లేదు సార్. తొంబై ఆరు సూశాను, అంతే. ఒక్క ఫొటో సార్, గోడకెట్టుకుంటాం.”

అన్వేష్ భార్య భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. కారు తయారై రావడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. ఆ తూకం చీటీని జేబులో మడిచిపెట్టుకుని మర్నాడు ప్రయోగశాలకి పట్టుకెళ్లాడు.

అతని దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న షర్మీన్ ఆ చీటీని చూసి నవ్వలేదు.

“సార్, వంద రాకూడదు కదా” అంది.

“ఎందుకు రాకూడదు? కిలో తూకపురాయిని తూస్తే కిలో రాదా?”

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. ఏ కొలతకైనా ఒక ప్రమాణం కావాలి. తక్కెడ కొలిచేది ఒరిపిడిని. మనిషి ‘సరే’ అన్నప్పుడు ఆ మాటకీ మెదడులోని కోరికకీ మధ్య పుట్టే రాపిడిని అది ఒక గీతగా గీస్తుంది. బలవంతపు మాటైతే గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది, మనసారా అన్నదైతే నున్నగా ఉంటుంది. ఇదీ అన్వేష్ సిద్ధాంతం. పదకొండేళ్ల క్రితం సంపూర్ణ సమ్మతికి నమూనా కోసం పన్నెండు మంది గీతలు తీశాడు. పదకొండు గీతలు ఎంతో కొంత వణికాయి. ఒక్క హన్విక గీత మాత్రం చెరువు నీళ్లలా కదలకుండా వచ్చింది. మిగతావన్నీ పక్కన పెట్టేసి, దాన్నే వందగా నిర్ణయించాడు. ఆ ఏడాది పెళ్లిరోజుకి ఆ గీతని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు కూడా.

షర్మీన్ పాత గీతని తెర మీదికి తెచ్చి, దాని మీద నిన్నటి గీతని పెట్టింది. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

“ప్రశ్న వేరు, వయసు వేరు, పదకొండేళ్ల తేడా. అయినా వెంట్రుకవాసి మార్పు లేదు. ఇది ఇష్టమైతే ఇలా ఉంటుందా సార్?”

“మరేమిటంటావు?”

ఆమె తన సొంత చీటీలు రెండు తీసి బల్ల మీద పెట్టింది.

“మేము మొన్న వేసవిలో కారు తీసుకున్నాం. నేను మనసుపడ్డ కారుకి నాకు ముప్పై ఎనిమిది వచ్చింది. దాని మీద నాకు పిచ్చి. కానీ ధర ఎక్కువేమో, ఆయనకి నచ్చదేమో, తొందరపడుతున్నానేమో అని గుండె కొట్టుకుంటూనే ఉంది. యంత్రం అది నా ఇష్టం కాదంది. ఇంటికెళ్లి ఏడు రోజులు వాదించుకున్నాం. చివరికి విసిగిపోయి ఆయన చెప్పినదానికే సరేనన్నాను. తొంబై ఒకటి వచ్చింది.” ఆమె రెండో చీటీని అతని ముందుకి జరిపింది. “మీ యంత్రం చెప్పింది కదా అని, నా ఇష్టం అబద్ధమని నేనే నమ్మాను సార్.”

అన్వేష్ ఆ చీటీల్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ పదకొండు పాత గీతల్ని తెప్పించుకుని ఒక్కొక్కటే పరిశీలించాడు. నిజంగా కోరుకునే మనిషి భయపడతాడు, బేరీజు వేసుకుంటాడు, వణుకుతాడు. లోపల ఏ కోరికా మిగలనివాడి మాటకి రాసుకోవడానికి ఎదురు ఏదీ ఉండదు. అలాంటి మాటనే అతను వంద అన్నాడు. తొమ్మిదేళ్లుగా తక్కెడ కోరికని వెనక్కి పంపి, లొంగుబాటుని ముందుకి పంపుతోంది. మొదటిసారి తగ్గినవాళ్లకి ఏడు రోజుల తర్వాత పెరుగుతోందని, దంపతులు ఏకాభిప్రాయానికి వస్తున్నారని తను ఎన్ని సభల్లో గొప్పగా చెప్పాడో గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి హన్విక వరండాలో బట్టలు మడతపెడుతోంది. అతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆ నమూనా తీసిన రోజు నిన్ను నేనేం అడిగాను?”

“నీకు గుర్తులేదా?”

గుర్తుంది. ఆమె నోటితో వినాలని అడిగాడు. అలా అడిగినందుకు మళ్లీ సిగ్గేసింది.

“పోర్టు ఉద్యోగం మానేద్దామా అని అడిగావు” అంది హన్విక. అప్పట్లో ఆమె ఓడరేవులో పైలట్. సముద్రంలో ఆగిన పెద్ద పెద్ద ఓడల్ని ఇరుకు కాలువలోంచి లోపలికి నడిపి తెచ్చేది. “నీ ప్రయోగానికి నిజమైన నిర్ణయం ఒకటి కావాలన్నావు. మనిద్దరం ఎలాగూ అనుకుంటున్నదే కదా అన్నావు.”

“అనుకున్నాం కదా?”

“నువ్వు అనుకున్నావు. నేను నెల రోజులు నాలో నేను కొట్లాడుకున్నాను. ఆ రోజు కుర్చీలో కూర్చునేసరికి నాలో ఇంకేం లేదు. అందుకే అంత నున్నగా వచ్చుంటుంది.”

“తెలిసి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదా?”

ఆమె చేతిలోని చొక్కాని మడతపెట్టి కింద పెట్టింది. “చెబుదామనుకునేసరికి ఫ్రేము కట్టించి తెచ్చావు. అతిథులందరికీ చూపించావు. ఎలా చెప్పను? తర్వాత దేశమంతా పాకింది. ఎంతమంది ఆడవాళ్లు, మగవాళ్లు నాలాగే తూగారో అని నాకూ తలెత్తుకోబుద్ధి కాదు.”

అన్వేష్‌కి వెంటనే తోచింది క్షమాపణ కాదు. ఉపాయం. ప్రమాణ గీతని గుట్టుగా మార్చేస్తే చాలు, మామూలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లాగా వెళ్లిపోతుంది, ఎవరికీ తెలియదు. మర్నాడు షర్మీన్‌తో అదే అన్నాడు. ఆమె అతని వైపు చూసి, “నాకంటే తెలిసింది, నాలా తమ ఇష్టం అబద్ధమని నమ్మినవాళ్లకి ఎవరు చెబుతారు సార్?” అని మాత్రం అడిగింది. అతను తల దించుకుని తన గదిలోకి వెళ్లి, కొలమానాల మండలికి ఉత్తరం రాశాడు. మొదటి ప్రతిలో ‘ఒక స్వచ్ఛంద సేవకురాలి గీత’ అని రాశాడు. చింపేశాడు. రెండో ప్రతిలో ‘నా భార్య గీత’ అని రాశాడు.

ఆ ఉత్తరం బయటికి రాగానే జనం అతన్ని తిడతారనుకున్నాడు. తిట్టారు కూడా. కానీ మండలికి వచ్చిన వేల ఉత్తరాల్లో ఎక్కువ భాగం తక్కెడని మార్చవద్దనే. అవీ పెద్ద అంకెలు వచ్చినవాళ్ల నుంచే. ‘నాకు తొంబై నాలుగు వచ్చింది, నేను ఇష్టపడే ఒప్పుకున్నాను, ఇప్పుడు కాదనడానికి మీరెవరు?’ అని ఒకామె రాసింది. ఆ ఉత్తరాన్ని అన్వేష్ మళ్లీ మళ్లీ చదివాడు.

మండలి ఇరుకున పడింది. నిబంధన ప్రకారం ప్రమాణ నమూనాని వాడుక నుంచి తీసేయాలంటే, ఆ నమూనా ఇచ్చిన వ్యక్తి స్వయంగా వచ్చి అనుమతి ఉపసంహరించుకోవాలి. ఆ మాటని తక్కెడలోనే తూయాలి. అసలు అనుమతి పత్రం తెరిచి చూస్తే, దాని మీద ఇద్దరి తరఫునా సంతకం చేసింది అన్వేష్ ఒక్కడే.

విచారణ రోజున హాలు నిండిపోయింది. అధ్యక్షురాలు మృదుల, రిటైరైన న్యాయమూర్తి. మర్యాదస్తురాలు, ఓపికగలది. హన్విక లేత నీలం చీరలో వచ్చి కుర్చీలో కూర్చుంది. స్పర్శబిళ్ల తనే అంటించుకుంది.

“చెప్పండమ్మా.”

“నా గీతని ఇక ఎవరికీ కొలతగా పెట్టడానికి నేను ఒప్పుకోను” అంది హన్విక. గొంతు వణికింది. చేతులు వణికాయి. చివరి మాటకి వచ్చేసరికి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

తక్కెడ పదిహేడు చూపించింది.

హాల్లో గుసగుసలు లేచాయి. నిబంధన పుస్తకం ప్రకారం ఆ మాట ఆమె సొంతం కాదు. ఎవరో ఆమె చేత అనిపించినది. మృదుల అంకెని చూసింది, హన్వికని చూసింది, ఇబ్బందిగా కదిలింది. ఆ యంత్రం కొలత తప్పని తేల్చడానికే ఆ సభ కూడిందని ఆమెకి తెలియక కాదు. అయినా కళ్లెదుట అంకె అలా వెలుగుతుంటే, ఆమె చూపు మెల్లగా వెనక వరుసలోకి మళ్లింది.

“డాక్టర్ అన్వేష్ గారూ, మీ భార్య మాట నిజంగా ఆమెదేనంటారా?”

హాలంతా అతని వైపు తిరిగింది. అతను లేచి నిలబడ్డాడు. అతనికి ఒక్కటే తోచింది, భార్య పక్షాన నిలబడాలని.

“ఆమెదేనండీ. నేను హామీ ఇస్తాను.”

మృదుల ఊపిరి పీల్చుకుంది. “భర్త ధ్రువీకరించారు. ఉపసంహరణని ఆమోదిస్తున్నాం” అని గుమాస్తాతో రాయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. తక్కెడ ఆ రోజుతో ఆగిపోయింది.

చప్పట్ల మధ్య అన్వేష్ మాత్రం నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. తను ఏమన్నాడో అప్పుడర్థమైంది. “ఆమెనే అడగండి” అని కూర్చుని ఉండొచ్చు. ఆ మాట నాలుక దాకా కూడా రాలేదు. హన్విక స్పర్శబిళ్ల ఊడదీసి, బల్ల మీద పెట్టి, ఒక్కసారి అతని వైపు చూసింది.

లిఫ్టులో వాళ్లిద్దరే ఉన్నారు.

“నువ్వు చెప్పాక నమ్మారు” అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

“హనూ, నేను...”

“పొద్దున్నే షోరూముకి ఫోన్ చేసి, ఆ పెద్ద కారు పంపొద్దని చెప్పాను. రేపు నేను వెళ్లి చూసుకుంటాను.”

“నేనూ వస్తాను” అనబోయి ఆగాడు. “నన్ను రమ్మంటావా?” అని అడగబోయాడు. అలా అడిగితే ఆమె ఏమంటుందో, ఏ గొంతుతో అంటుందో అతనికి బాగా తెలుసు. ఎన్నేళ్లుగానో ఆ నున్నటి ‘సరే’ మీదే అతను బతికాడు.

లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. హన్విక ముందు నడిచింది. అతను అడగకుండానే, ఆమెకి నాలుగడుగుల వెనకగా నడిచాడు.