నూగాకుల రెండు వరసలు

"ఆగండి! ఆ మొక్క పీకకండి!"

సుందరరావు సైకిలు గట్టు మీదే పడేసి పత్తిచేలోకి పరుగెత్తాడు. తిరువూరుకు కొత్తగా వచ్చిన వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు అంత కంగారుగా రావడం చూసి, ఆదిశేషయ్యగారమ్మాయి రావమ్మ పీకిన మొక్కల్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తెగులు మొక్కలండీ. ఆకుల నిండా బూజు. చేనంతా పాకకముందే ఏరేస్తున్నా" అంది గర్వంగా.

"బూజు కాదండీ బాబూ, నూగు! నేనిచ్చిన కొత్త విత్తనం అదే!"

పాత విత్తనం పక్కనే కొత్తది కూడా వేయించాడతను. రావమ్మ నున్నటి ఆకుల మొక్కల్ని ముద్దుగా ఉంచి, నూగు మొక్కలన్నీ పీకేసింది. చివర రెండు వరసలే మిగిలాయి.

సుందరరావు ఒక ఆకు తుంచి ఇచ్చాడు. "అడుగువైపు బుగ్గకి ఆనించి చూడండి."

ఆనించింది. "అబ్బ, గరుకు! అచ్చం మీ గడ్డంలా..." అని నాలిక్కరుచుకుంది.

"ఆ నూగుంటే పచ్చదోమ ఆకు మీద కుదురుగా కూర్చోలేదు. గుడ్లు పెట్టలేదు. రసం..." ఎర్రబడ్డ ఆ బుగ్గ చూసి మిగతా పాఠం మరిచిపోయాడు.

అప్పుడే ఆదిశేషయ్యగారు వచ్చారు. "ఎవరు పీకారివి?"

రావమ్మ ముఖం పాలిపోయింది.

"నేనేనండీ. పొరపాటైంది" అన్నాడు సుందరరావు.

"నీ మొక్కలు నువ్వే పీక్కున్నావా! సరే, ఆ రెండు వరసల్లో నీ గొప్ప చూపించు. లేకపోతే మళ్ళీ నా గట్టెక్కొద్దు."

ఆయన వెళ్ళాక, "అబద్ధం ఎందుకాడారు?" అని గుసగుసలాడింది రావమ్మ.

"మిమ్మల్ని తిడుతుంటే చూడలేనండీ."

రావమ్మ తలొంచుకుని, చేతిలోని నూగాకుని మళ్ళీ బుగ్గకి ఆనించుకుంది.

ముసురు పట్టింది. నెత్తిన గోనెసంచి కప్పుకుని రావమ్మ రోజూ ఆ వరసలు చూసొచ్చేది. అవి పాడైతే ఆ సైకిలు బెల్లు ఇక వినపడదు! ఆ దిగులుతో అన్నం కూడా సయించేది కాదు.

వాన వెలిసేసరికి చేను మీద పచ్చదోమ పడింది. పాత మొక్కల ఆకులు అంచులు ఎర్రబడి ముడుచుకుపోయాయి. ఆ రెండు వరసలు మాత్రం పచ్చగా నవ్వుతున్నాయి!

"నాన్నా, చూడు నాన్నా!" తండ్రినీ సుందరరావునీ ఇద్దర్నీ కేకేసింది రావమ్మ. ఆ సంబరంలో నిజం కూడా చెప్పేసింది. "ఆ రోజు పీకింది నేనే. ఆయన నా తప్పు మీదేసుకున్నారు!"

ఆదిశేషయ్యగారు ఆకుని చూశారు. కూతుర్ని చూశారు. పకపకా నవ్వారు.

"అదా సంగతి! వచ్చే ఏడు చేనంతా నీ విత్తనమే అబ్బాయ్. ఇంకేమైనా అడగాలా?"

"అడగాలండీ, కానీ..."

"నువ్వు కాదు. మీ పెద్దవాళ్ళతో అడిగించు."

ఆదివారం సుందరరావు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. మంచినీళ్ళిస్తూ రావమ్మ అతని వైపు ఓరగా చూసింది.

"అయ్యో, ఇంత నున్నగానా! పురుగు పట్టదూ?"

"పెళ్ళినాటికి మళ్ళీ పెంచుతాలెండి."

"పెంచండి" అంది రావమ్మ నవ్వాపుకుంటూ. "ఈసారి పీకను."