నోరీన్ దున్నిన సముద్రం

టీ కాచి, రొట్టె కాల్చి, వెన్న రాసి తల్లి ముందు పెట్టేసరికే టెగన్‌కి ఆ రోజు ఓపిక సగం అయిపోయింది.

"ఈ ఇల్లెవరిది?" అంది నోరీన్, రొట్టె ముక్క తిప్పి తిప్పి చూస్తూ.

"మనదేనమ్మా. కారవాన్. పోర్ట్ కాలమ్‌లో ఉన్నాం మనం."

"చక్రాల మీద ఇల్లేమిటే, సర్కస్ వాళ్ళలాగ! మీ నాన్న చూస్తే ఏమంటాడు?"

నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నోరీన్ కొత్తగా విని, కొత్తగా గుండె బాదుకునేది. అందుకని చెప్పడం మానేసింది టెగన్. "నవ్వుతాడులే, తిను" అంది.

టెగన్ నర్సు. ఏ ఆసుపత్రిలో మనుషులు చాలకపోతే ఏజెన్సీ ఆమెను అక్కడికి పంపుతుంది. మూడు నెలలకో ఊరు. ఈ శుక్రవారంతో ఇక్కడి పని అయిపోతుంది. ఎన్నాళ్ళని ఇలా, ఏదో ఒక సముద్రపు ఊరు చూసుకుని స్థిరపడమని పరిచయస్థులందరూ పోరుతున్నారు. ఉండిపొమ్మని ఈ ఊరి ఆసుపత్రి బతిమాలుతోంది. రమ్మని గ్రేస్ హెడ్ ఆసుపత్రి పిలుస్తోంది. అక్కడ తెల్లటి ఇసుక, ఎత్తైన అలలు, పడుచువాళ్ళు. ఇక్కడేమో బురద. ఆటు సమయంలో సముద్రం అలిగి వెళ్ళిపోయినట్టు కనుచూపు మేర వెనక్కి పోతుంది. పడవల్ని నీళ్ళ దాకా లాగడానికి ఇంటికో ముసలి ట్రాక్టరు.

గ్రేస్ హెడ్ వెళ్తున్నానని, అలలంటే పిచ్చి అని అందరితో అంది టెగన్. శుద్ధ అబద్ధం. అలలు కాదు ఆమెకు కావలసింది. అమ్మ సంగతి తెలియని ఊరు కావాలి. కాస్త తెలిసే వేళకి కారుకి కారవాన్ తగిలించుకుని ఇంకో ఊరు పోవాలి. ఎందుకంటే అన్న క్రెయిగ్ ఫోన్‌లో ఖరాఖండీగా చెప్పేశాడు: "అమ్మ ఇంకొక్కసారి తప్పిపోయిందని తెలిసిందా, సిటీలో వృద్ధుల హోమ్‌లో చేర్చేస్తాను. సంతకం అధికారం నాది. అడ్డం రాకు."

తెలివి బాగున్న రోజుల్లో నోరీన్ ఒకే ఒక్కటి కోరింది కూతుర్ని. "తలుపు తెరుచుకోని చోట పెట్టకే నన్ను."

తలుపు చప్పుడైంది. పక్క కారవాన్ బెరిల్. గమ్‌బూట్లు, చేతిలో పీతలు పట్టే ఇనుప పళ్ళ దంతె.

"ఏం పిల్లా, మీ అమ్మని పంపుతావా? నీళ్ళు పోయాయి, పీతలకి పోతున్నాం ఆడవాళ్ళందరం."

"అమ్మకి జలుబు, బెరిల్ ఆంటీ."

"మూణ్ణెల్ల నుంచీ జలుబేనా? ఏం జలుబే అది, రైలు బండంత!" నవ్వింది బెరిల్. టెగన్ నవ్వలేదు. ఆవిడ అటు వెళ్ళగానే యూనిఫాం సర్దుకుని, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, బయటినుంచి తాళం వేసింది. వేసేటప్పుడు రోజూ చేసినట్టే కళ్ళు గట్టిగా మూసుకుంది.

వార్డులో ఒక ముసలాయన కొడుకు పట్టుపట్టాడు. తండ్రిని కిటికీ ఉన్న గదిలోకి మార్చాలట.

"వద్దండీ. మతిమరుపు ఉన్నవాళ్ళకి మంచం కూడా మార్చకూడదు. చోటు మారిన కొద్దీ ఉన్న కాస్త జ్ఞాపకమూ పోతుంది" అంది టెగన్.

ఈ మాట ఎన్ని కుటుంబాలకి చెప్పి ఉంటుంది తను! తన తల్లికి ఎన్ని ఊళ్ళు మార్చింది!

అంతలో జేబులో ఫోన్ మోగింది. బెరిల్. ఆయాసపడుతోంది.

"మీ అమ్మ కిటికీలోంచి దూకిందే! ఆ పడవల రెగ్ ట్రాక్టర్ ఎక్కి సముద్రంలోకి పోయింది. పోటు మొదలైంది, పిల్లా, పరుగెత్తుకు రా!"

కారు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. ఒడ్డు చేరి చూసింది. తడి బురద మీద బారులు తీరిన చక్రాల గీతలు. ఎక్కడా వంకర లేదు. ఆ గీతల చివర, అల్లంత దూరాన, ఎర్ర ట్రాక్టరు మీద తల్లి. నలభై ఏళ్ళు గోధుమ పండించిన మనిషికి ఆ చదునైన నేల ఏమని కనపడిందో టెగన్‌కి చూడగానే అర్థమైంది. కోత అయిపోయిన సొంత పొలం. నోరీన్ పొలం దున్నుతోంది. నీళ్ళు నిశ్శబ్దంగా, నాలుగు వైపుల నుంచీ వస్తున్నాయి.

మగవాళ్ళు కేకలేసుకుంటూ పోతున్నారు. ఆ కేకలకి బెదిరి నోరీన్ ఇంకా లోపలికి పోనిస్తోంది.

"అరవకండి! దండం పెడతాను, ఎవరూ అరవకండి!" టెగన్ అరిచింది. బురదలో బూట్లు వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ పోయి, ట్రాక్టరు వెనక మెట్టు ఎక్కింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది నోరీన్, ఒక్కసారి వెనక్కి చూసి.

మెట్టు మీద నిలదొక్కుకుంది టెగన్. "పనికొచ్చానమ్మా. సాలు చివరికొచ్చింది కదా, ఇంటి వైపు తిప్పుదామా?"

"వాన పట్టింది, చూశావా? నేలంతా తడి." నోరీన్ చక్రం తిప్పింది. ట్రాక్టరు నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డుకేసి మళ్ళింది. "మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. నీలాగే తెల్లబట్టలు. మంచిదే పాపం, అన్నం పెడుతుంది, తల దువ్వుతుంది."

"అలాగా?"

"ఆఁ. కానీ రోజూ తాళం వేసి పోతుంది. నేనేం తప్పు చేశానో తెలీదు. ఎవరొచ్చినా నన్ను దాచేస్తుంది. నేనంటే సిగ్గనుకుంటా దానికి."

తల్లి వీపుకి మొహం ఆనించి, ఒడ్డు వచ్చేదాకా అలాగే నిలబడింది టెగన్.

ఒడ్డున బెరిల్ దుప్పటితో ఎదురొచ్చింది. తల్లి క్షేమంగా దిగేసరికి, అప్పటిదాకా బిగబట్టిన భయమంతా టెగన్‌కి కోపమై తన్నుకొచ్చింది.

"బండికి తాళంచెవి ఎవరైనా అలా వదిలేస్తారా? బుద్ధుందా మీ ఊరికి? మా అమ్మ చచ్చిపోయేది!"

"మా తాతల నాటి నుంచీ చెవులు బండికే ఉంటాయి" అంది బెరిల్. "ఎవరికి పడవ కావాలంటే వాళ్ళు ఏ బండైనా తీస్తారు. ఇక్కడ అంతే. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే తీసి జేబులో వేసుకునేదాన్ని కదే! జలుబన్నావు. మూణ్ణెల్లూ జలుబన్నావు. మమ్మల్ని ఏమనుకున్నావు? తెలిస్తే తరిమేస్తామనుకున్నావా?"

"తరిమేసిన వాళ్ళున్నారు" అంది టెగన్ చిన్నగా. "ఒక కారవాన్ పార్కులో ఖాళీ చేయమన్నారు. మా అన్నకి తెలిస్తే..." ఆగిపోయింది. ఇంక పరుగెత్తడానికి ఊరు లేదనిపించింది. గ్రేస్ హెడ్‌లోనూ తలుపు ఉంటుంది, దానికీ తాళం ఉంటుంది, వేసేది తనే.

పీతల బుట్టలతో ఆడవాళ్ళు, తడి బట్టలతో మగవాళ్ళు, అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ వైపు తిరిగింది.

"మా అమ్మకి మతిమరుపు జబ్బు. నన్ను కూడా గుర్తుపట్టదు. బయటికొస్తే దారి తెలీదు. నేను... నేను తాళం వేసి డ్యూటీకి పోతున్నాను. ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాను."

రెగ్ వెళ్ళి తన ఎర్ర ట్రాక్టరు తాళంచెవి పీకి జేబులో వేసుకున్నాడు. ఆ పక్కాయన తన బండి వైపు నడిచాడు. తర్వాత ఇంకొకాయన. ఒడ్డు పొడవునా ఒక్కొక్కరూ పోయి, ఎన్నడూ తీయని చెవులు తీసుకుంటున్నారు.

టెగన్ ఇసుకలో కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. రాత్రికి క్రెయిగ్‌కి తనే ఫోన్ చేయాలి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఏమంటాడో తెలియదు. అమ్మని ఇంకో ఊరు మాత్రం తిప్పనని వాడితో పోట్లాడాలి.

దుప్పటి కప్పుకున్న నోరీన్ కాసేపు జాలిగా చూసింది.

"ఎవరే ఆ పిల్ల? ఎందుకలా ఏడుస్తోంది?" అని అడిగింది బెరిల్‌ని.

బెరిల్ కళ్ళు తుడుచుకుంది. "మన ఊరి పిల్లే, నోరీన్" అంది.